అమ్మ పిడికిట్లో అక్షింతలు

నాకు అనుమానం ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ నడిపే మనిషికి అది ఉండి తీరాలి. ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, రోడ్డు మీద ఇంకో రంగు చూపించే జాకెట్ ముక్కల మధ్య బతికేదాన్ని, ఏదైనా ఎండలో పెట్టి చూడందే నమ్మను.

అందుకే చెల్లెలి విమానం పత్తి చేనులో పడిందని తెలిసిన రోజు, ఏడుపు ఆగీ ఆగకముందే అనుమానం మొదలైంది. చెల్లెలు పైలట్ శిక్షణలో ఉంది. ఇద్దరే పట్టే చిన్న విమానం, పక్కన నేర్పించే సారు. గాల్లో ఉండగా ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది. సారు ఎలాగో చేనులోకి దించారు. ఆయనకు కాలు విరిగింది, దీనికి చెయ్యి.

ఇంజన్‌లో ఏదో చెడిపోయిందని, విచారణ జరుగుతోందని శిక్షణ సంస్థ వాళ్లు చెప్పారు. రేపు తప్పంతా మా పిల్ల మీదికి నెట్టేస్తారనుకున్నాను. అలా నెడితే మళ్లీ విమానం ఎక్కనివ్వరు. దాని చిన్నప్పటి ఆశ అక్కడితో సరి. ఎల్బీ నగర్‌లోని మా ఇంట్లో చేతికి కట్టుతో కూర్చున్న చెల్లెలు మాత్రం ఎంత అడిగినా "తెల్వదక్కా" అనేది. అమ్మ గదిలోకి వస్తే ఆ ముక్క కూడా మింగేసేది. అమ్మను చూసి నోరెందుకు మూస్తోందో అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే మేనమామ కూతురి పెళ్లికి అమ్మా, నేనూ ఫంక్షన్ హాల్‌కి వెళ్లాం. జీలకర్ర బెల్లం పెట్టగానే అందరం అక్షింతలు వేశాం. జనాన్ని నెట్టుకుని వేదిక దాకా వెళ్లి వేసే అమ్మ, కుర్చీలోంచి లేవలేదు. భోజనాలప్పుడు ఎడమ చేతి పిడికిలి అలాగే బిగించి ఉంది. చేతులు కడిగే చోట పట్టుకుని అడిగాను.

పిడికిలి విప్పింది. చెమటకు పసుపు కరిగి అరచెయ్యంతా అంటుకుంది.

"నేనే చేసిన బిడ్డా. దసరా నాడు గా విమానం ముక్కు మీద అచ్చింతలేసిన. ముక్కుకు రెండు దిక్కుల బొక్కలున్నయ్ గద, అండ్ల పడ్డయి. భయానికి ఎవ్వరికీ చెప్పలే."

దసరాకి శిక్షణ సంస్థలో విమానాలకు పూజ చేస్తారని మమ్మల్నీ పిలిచారు. మా స్కూటరుకీ, నా కుట్టు మిషనుకీ వేసినట్టే విమానానికీ వేసేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే అది కూలింది.

ఇంటికి రాగానే చెల్లెల్ని నిలదీశాను.

"నేను సూసిన అక్కా. మర్నాడు ఎగిరే ముందు ఏరేసిన. కానీ ఒక్క గింజన్న మిగిలిందేమోనని... చెప్తే అమ్మ మీదికొస్తదని ఊకున్న."

ఒళ్లు మండిపోయింది నాకు. ఒకరు భయంతో, ఒకరు ప్రేమతో నోళ్లు కుట్టుకుంటే, మధ్యలో నేను ఊళ్లో వాళ్లందర్నీ అనుమానిస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసి విచారణ వాళ్లకు అంతా చెప్పింది. గింజలు పూర్తిగా తీశానో లేదో తెలియదని కూడా చెప్పింది. ఇక దీని పని అయిపోయిందనుకున్నాను. అమ్మ రెండు రోజులు సరిగా తినలేదు.

కొన్ని వారాలకు సారు ఫోన్ చేశారు. ఇంజన్ విప్పి చూస్తే లోపలి వాల్వ్ ఒకటి గాల్లో ఉండగానే విరిగిందట. ఆ రంధ్రాలు ఇంజన్ చల్లబడటానికే తప్ప వాటిలోంచి వాల్వ్ దగ్గరికి దారే లేదట. తప్పు చెల్లెలిదీ కాదు, బియ్యానిదీ కాదు.

"నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నడు" అంది అమ్మ. నా జబ్బు ఆవిడకూ అంటుకుంది.

చెయ్యి అతుక్కున్నాక చెల్లెలు మళ్లీ బయల్దేరింది. గుమ్మం దగ్గర అమ్మ ముందు తల వంచింది.

"అచ్చింతలెయ్యమ్మా."

"వద్దు బిడ్డా."

"ఇంజన్ మీద కాదే, నా మీద. నువ్వెయ్యకుంటే నాకు భయమైతది."

అమ్మ అక్షింతలు తీసుకుంది. విసరలేదు. నడినెత్తిన పెట్టి, అరచేత్తో అదిమి, భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది.

సారు మాట నేను నమ్మాను. అయినా లిఫ్టు దగ్గర చెల్లెల్ని ఆపి జడ విప్పించాను.

"ఏందక్కా గిది?"

"ఏం లేదు, మాట్లాడకుండ నిలబడు."

జుట్టంతా దులిపి, దొరికిన ప్రతి గింజా ఏరి నా కొంగున ముడేసుకున్నాకే లిఫ్టు ఎక్కనిచ్చాను.