మూలలు చూసే అక్క

మొయినాబాద్‌ల పొలాల నక్షలు గీసే ఆఫీసుల నేను కొత్తగ చేరినప్పుడు, నా పక్క సీటు ఒక అక్కది. కంప్యూటర్‌ల నక్షలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ల గీతలు గీసినంక ఆమె ప్రతి మూలను పెద్దగ చేసి చూసేది. దూరం నుంచి కలిసినట్టు కనపడే గీతలు దగ్గరికి పోతే ఒక్కోసారి విడిగ ఉంటయి.

ఒకరోజు షాబాద్ దిక్కున్న ఒక అవ్వ పొలం కొలతలు నాకిచ్చిండ్రు. గీస్తే చివరి మూల కలవలే. రెండు గీతలను జరంత గుంజి కలిపిన. విస్తీర్ణం లెక్క వచ్చింది, పని అయిపోయిందనుకున్న.

అక్క ఆ మూల మీద వేలు పెట్టింది. "ఇది కలిసిందా, నువ్వు కలిపినవా?"

"చిన్న సందే కద అక్కా."

"స్క్రీన్ మీద చిన్నదే. అక్కడ ఎంతున్నదో చూసొద్దాం పా."

ఆమె స్కూటీ మీద పోయి మళ్ల కొలిచినం. ముందు కొలిచినోళ్లు చూడని హద్దురాయి తుమ్మపొదల దొరికింది. నేను గుంజిన గీత ప్రకారమైతే అవ్వ బోరు పక్కోళ్ల పొలంలకు పోతున్నది.

అవ్వ ఉరికొచ్చింది. "మళ్లొచ్చిండ్రేంది బిడ్డా? ఏమన్న తేడానా?"

"ఏం ఫికర్ లేదవ్వా. నేనే ఒక గీత తప్పు గీసిన," అన్నది అక్క.

అవ్వ ఆమె చేతులు పట్టుకున్నది. "జర మంచిగ చూడు బిడ్డా. ఆ బోరే నాకు ఆధారం."

అక్క తల వంచుకొని, "సరే అవ్వా," అన్నది. ఆ గీత గీసిన నేను పక్కనే నిలబడి టేపు చుట్టుకుంట ఉన్న.