మా సందులో రోలు

ఇండస్ట్రియల్ పార్క్‌లో షిఫ్టు ముగించుకుని గోల్‌బజార్ మీదుగా ఇంటికొస్తుంటే ఏ మిఠాయి దుకాణంలోంచో ఉడుకుతున్న బెల్లం వాసన తగులుతుంది. స్కూటీ ఆపేస్తాను. నా చిన్నప్పుడు డిసెంబరు వచ్చిందంటే పూరీ గేట్ దగ్గర, రైల్వే పనికని తాతల కాలంలో పరాయి రాష్ట్రానికి వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్ల మా సందంతా అదే వాసన. రైల్వే వర్క్‌షాపు సైరనుకి లేచి, కోళ్ల గంపలు ఎత్తి, గోంగూర మడికి నీళ్లు పోసి, మగవాళ్లు సైకిళ్లెక్కి డ్యూటీకి వెళ్లగానే, ఆడవాళ్లంతా క్రిస్మస్ అరిసెలకు నానబెట్టిన బియ్యం పట్టుకుని సందు మధ్యలో పాతిన రోలు దగ్గరికి చేరేవాళ్లు. మొదటి రోకలి మా నాయనమ్మది, రెండోది ఎదురింటి అప్పలనర్సమ్మ పిన్నిది. వాళ్లు గుడికి వెళ్లేవాళ్లు, మేము చర్చికి. పిండి మాత్రం అందరం అక్కడే దంచుకునేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ రోలు మీదికే వచ్చింది గొడవ. వెనకాల కడుతున్న గోదాముకి లారీలు తిరగాలంటూ కాంట్రాక్టరు మనిషొకడు గునపాలు పట్టిన కూలీలతో వచ్చి, రాయి పీకెయ్యమన్నాడు. నాయనమ్మ దంచడం ఆపలేదు.

"ఏటి దాదా, పండగ పిండి సగంలో ఉంటే రోలు పీకేత్తావా? నాను కదలను," అంది, ఇక్కడి భాషలో అన్నా అని పిలుస్తూనే.

అతను అరిచాడు. నేను నాయనమ్మ చీర పట్టుకున్నాను. కూలీ గునపం ఎత్తాడు గానీ, రెండు రోకళ్లూ ఆగకుండా పడుతుంటే దాన్ని ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయాడు. ఒకరి చేతులు నొప్పెడితే ఇంకొకరు అందుకున్నారు. బియ్యం అయిపోతే పిన్ని ఇంట్లో ఉన్న మినుములూ శనగలూ తెచ్చి పోసింది. చివరికి నేనూ రోకలి పట్టాను. అరచేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. సాయంత్రం సైరను మోగి మగవాళ్లొచ్చి సైకిళ్లు సందుకు అడ్డంగా నిలబెట్టేసరికి ఆ మనిషి వెనక్కి తిరిగాడు. లారీలకు అవతలి వైపు నుంచి దారి వేసుకున్నారు.

నాయనమ్మ పోయిన కొన్నేళ్లకు సిమెంటు రోడ్డు పోసి రోలును పూడ్చేశారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సెలవు పెట్టి అడ్డం నిలబడలేదు, అది నా తప్పే. ఇప్పుడు కోళ్లు లేవు, గోంగూర మళ్లు లేవు, పిండి మిల్లులో ఆడించుకుంటున్నాం. మొన్న విశాఖలో పెళ్లికి వెళితే చుట్టాలు, "ఆ ఫ్యాక్టరీల మధ్య ఇంకా ఏముందని? మన ఊరు వచ్చెయ్యకూడదూ?" అన్నారు.

"ఏటికి రావాల? మన ఊర్లోనే ఉన్నాను కదా," అన్నాను.