తెరమీది అగ్గిపుల్ల

రాయమల్లు సినిమా హాల్లో కూడా కుదురుగా కూర్చోలేడు. మోకాలు ఆడిస్తాడు, కుర్చీ చెయ్యి గోకుతాడు, గని గేటు దగ్గర తనిఖీకి అలవాటైనట్టు చొక్కా జేబులు తడుముకుంటాడు. ఇవాళ గోదావరిఖనిలో ఇద్దరు డిటెక్టివుల కామెడీ చూస్తున్నాడు. ఒకడు తప్పు చేస్తే రెండోవాడు దాస్తాడు. అది చూస్తే అతనికి నవ్వొస్తోంది, ఒళ్లూ మండుతోంది. గ్యాస్ ఉన్న గనిలోకి కొమురయ్య అగ్గిపెట్టె తెచ్చాడని సార్లకు చెప్పింది అతనే మరి. ఇద్దరూ ఏళ్లుగా జోడీగా పనిచేసినవాళ్లు. కొమురయ్య సస్పెండయ్యాడు, నెలలుగా రాయమల్లుతో మాటలు మానేశాడు. ఇప్పుడు సరిగ్గా రాయమల్లు ముందు వరుసలోనే కూర్చున్నాడు.

తెరమీద డిటెక్టివులు దొంగ కోసం బొగ్గుబాయిలోకి దూరి, చీకట్లో అగ్గిపుల్ల గీశారు. హాలంతా నవ్వింది. రాయమల్లు లేచి నిలబడ్డాడు.

"ఆర్పుండ్రిరా, సస్తరు!"

నవ్వు అతని మీదికి మళ్లింది. "గది సినిమానే కాకా, కూసో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కొమురయ్య వెనక్కి తిరిగాడు. "ఏందిరా రాయమల్లు, గీళ్ల మీద గూడ సార్లకు చెప్తవా?"

ఇన్ని నెలలకు అతను తనతో మాట్లాడిన మొదటి మాట అది. రాయమల్లు కూర్చున్నాడు. తెర వదిలేసి, మళ్లీ ఎప్పుడు తిడతాడా అని ఆశగా కొమురయ్య మెడవైపే చూస్తూ ఉండిపోయాడు.