మూట దించితే పోయే నొప్పి

ఉప్పునుంతల దగ్గరి ఆ ఊళ్లో ఈరమ్మ అంటే పత్తి మూటే గుర్తొచ్చేది. ఇద్దరు మగవాళ్లు లేపాల్సిన మూటను ఒక్కతే నెత్తికెత్తుకొని గట్టెక్కేది. 2005లో పత్తి ఏరే రోజుల్లో, ఆ గట్టు మీదే ఆమెకు ఎడమ దవడ లాగడం మొదలైంది. ఒళ్లంతా చెమట, ఊపిరాడదు. మూట దించి కూర్చుంటే కాసేపటికి అన్నీ తగ్గేవి.

మొగుడు కురుమయ్యకు అదే చెప్పింది. "మూటెత్తితె దవడ గుంజుతుంది. దించితె పోతది."

"పన్ను పుచ్చిందే. పీకిచ్చుకో," అన్నాడు నోట్లో బీడీ తీయకుండానే.

సూదిమందైనా పంటి పట్టుకారైనా ఊరికంతా రామచంద్రయ్యే డాక్టరు, డిగ్రీ లేకున్నా. ఆయన ఒక పన్ను పీకాడు. నొప్పి పోలేదు. పక్కది పీకాడు. ప్రతిసారీ ఈరమ్మ మూట మాట చెబుతూనే ఉంది. పంటి నొప్పికి మూటతో ఏం పని? ఆ ఒక్క ముక్క అడగడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ మధ్యే కురుమయ్య ఎవరిదో పెళ్లి విందులో మాంసం మెక్కి ఛాతీ పట్టుకున్నాడు. చిటికెలో జీపొచ్చింది. కల్వకుర్తిలో ఈసీజీ తీస్తే గ్యాసని తేలింది. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక భద్రంగా దాచుకున్నాడు మహానుభావుడు. ఆ రోజు అతన్ని పట్టుకొని దవాఖాన మెట్లెక్కుతుంటే ఈరమ్మకు దవడ లాగింది, మెట్ల మీదే కూలబడింది.

"నా పానం మీదికొస్తె నువ్ కూసుంటవేందే?" అని అరిచాడు.

ఈసీజీ మిషను ఆమెకు పదడుగుల దూరంలో ఉంది.

మరుసటి ఏడు పత్తి కాలానికి మూడో పన్ను పోయింది. ఆ వారమే గట్టు మీద మూటతో సహా పడిపోయింది. మహబూబ్‌నగర్ తీసుకెళ్తే డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, గుండెలో కొంత భాగం పాత నొప్పులకే చచ్చిపోయిందని, ఇక బరువు ముట్టొద్దని చెప్పింది.

"ఆడవాళ్లకు గుండెనొప్పి దవడలో కూడా వస్తుందమ్మా. ముందే ఎందుకు రాలేదు?"

"పండ్ల నొప్పి అన్నది మేడం. మాకేం తెల్సు?" అన్నాడు కురుమయ్య.

ఈరమ్మ బోసిపోయిన ఎడమ దవడ కదిలించి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుంది. "నేను పన్ను అనలే. మూట అన్న."

కురుమయ్య వినలేదు. ఇంకా రెండుసార్లు ఏరే పత్తి చేలో ఉందని, అదెవరు మోస్తారని డాక్టరమ్మను అడుగుతున్నాడు.