నీళ్లు లేని బావికి కావలి

నర్సింగ్‌ది పుట్టు భయం. జగిత్యాల దగ్గర తన ఊళ్లో పోలీసు జీపు కనబడితే చాలు, ఏ తప్పూ చేయకుండానే కందిచేన్లో దూరి కూర్చునే మనిషి. అలాంటివాడు ఒమాన్ వచ్చి, సలాలా పక్కన రైసూత్‌లో గోదాముల సైట్‌లో అంతెత్తు పరంజా ఎక్కి తాపీపని చేశాడంటే అది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. కిందికి చూడకుండా పని చేసుకోవడం ఒక్కటే అతనికి తెలిసిన ఉపాయం.

ఇంత భయస్థుణ్ణి పట్టుకుని కూలీల క్యాంపువాళ్లు పెద్దమనిషిని చేశారు. ఎవరితోనూ తగాదా లేనివాడని వాళ్ల లెక్క. క్యాంపు పంచాయతీలో ఐదుగురు. అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, కన్నెర్ర చేయగానే పాత పంచాయతీలన్నీ చెదిరిపోయాయి గనుక, ఈసారి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. హిందువులైనా ముస్లిములైనా మెస్సులో అందరికీ కలిపి వండిన అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టి, నడుమ విడిచిపెట్టి పోనని ఒట్టు వేయాలి. నర్సింగ్ కూడా వేశాడు. స్నానాల వరుస దగ్గర, టీవీ దగ్గర వచ్చే గొడవలు తీర్చడానికి భయమెందుకు?

తొంభై మూడులో, ఖరీఫ్ అని అక్కడ పిలిచే వానాకాలపు తుంపరల్లో, తోటి తాపీమేస్త్రీ పెద్దులు పరంజా మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. పక్కనే ఉన్న నర్సింగ్ ఆ పడడం కళ్లారా చూశాడు. అంతకుముందే, పలక కట్టిన తాడు పీచులు లేచిందని సూపర్‌వైజర్ కమ్రాన్‌కు చూపించాడు కూడా. "ఏం కాదు, పని చెయ్" అన్నాడు కమ్రాన్. ఇప్పుడు కంపెనీ తప్పంతా పెద్దులు మీదికే తోసి, విరిగిన తుంటితోనే ఇంటికి పంపేస్తానంటోంది. శనివారం సలాలా లేబర్ ఆఫీసుకు వెళ్లి చెప్పాలని పంచాయతీ తీర్మానించింది. తాడు సంగతి చూసినవాడు మాత్రం ఐదుగురిలో నర్సింగ్ ఒక్కడే.

ఇక అతనికి ముద్ద దిగలేదు. కంపెనీ పికప్ బండి చప్పుడైతే చాటుకు తప్పుకునేవాడు. చెయ్యి వణికి సిమెంటు మాలు గోడకు అంటకుండా జారిపోయేది. శుక్రవారం పొద్దున పంచాయతీకి పెద్దదిక్కైన డ్రైవర్ ఎహసాన్ దగ్గరికి పోయి ఏడ్చినంత పని చేశాడు.

"ఎహసాన్ భాయ్, నాతోని గాదు. నన్ను ఇడిసిపెట్టుండ్రి."

"అన్నం మీద చెయ్యి పెట్టినవ్ గద భాయ్."

"అదే గద నా బాధ. పోతె కంపెనీ సంపుతది. పోకుంటె ఒట్టు సంపుతది."

ఎహసాన్‌ది హైదరాబాద్, జాలిగుండె. సైట్‌లో ఇంగ్లీషు ఇంజనీరును కార్లో తిప్పేది అతనే. ఆయన దారిలో చెప్పిన ముచ్చట ఒకటి ఎహసాన్‌కు గుర్తొచ్చింది.

"ఆళ్ల పార్లమెంటుల గెలిచినోడు రాజీనామా ఇయ్యరాదంట. వద్దనుకుంటే రాణిగారి కొలువు ఒకటి అడుగుతడు. ఎన్కట గుట్టల్ల దొంగలు రాకుంట కాసే నౌకరీ. ఇప్పుడు దొంగల్లేరు, పని లేదు, ఉత్త పేరే. గని ఆ కొలువు పట్టినోడు పార్లమెంటుల కూసోరాదు. అట్ల బయటవడ్తడు."

నర్సింగ్ కళ్లు వెలిగాయి. "మనకు గూడ అసొంటి కొలువు ఒకటి సూడు భాయ్!"

క్యాంపు వెనక పూడిపోయిన పాతబావి ఉంది. ఆ మధ్యాహ్నమే అందరూ దాని చుట్టూ చేరారు. పంచాయతీలోనే ఉన్న ఖాదర్ చాయ్ పోశాడు. ఎహసాన్ తన ఎర్రంచు తువ్వాలుతో నర్సింగ్ తలకు రుమాలు చుట్టి, "ఇయ్యాల్టి నుంచి నువ్వు బాయి కావలి. పంచాయతీల నీ కుర్సీ ఖాళీ" అన్నాడు. నవ్వులు, చప్పట్లు మోగాయి. ఒట్టు తప్పకుండానే బయటపడ్డానని నర్సింగ్ ఊపిరి పీల్చుకున్నాడు. దూరంగా పికప్‌లో కూర్చుని కమ్రాన్ ఇదంతా చూస్తున్నాడని ఎవరూ గమనించలేదు.

శనివారం నలుగురే వెళ్లారు. "చూసినవాడేడి? అతన్ని తీసుకురండి" అని లేబర్ ఆఫీసులో వెనక్కి పంపారు. తిరిగొచ్చాక ఖాదర్ ఎప్పటిలాగే నర్సింగ్‌కు చాయ్ పోసిచ్చాడు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు కంపెనీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆ నలుగురికి కాదు, నర్సింగ్‌కు.

"అందరూ కలిసి నీకు తలపాగా కట్టారటగా? ఈ గొడవకంతా నాయకుడివి నువ్వే!" అన్నాడు మేనేజర్ హిందీలో. పక్కన కమ్రాన్ నిలబడి తల ఊపుతున్నాడు.

నర్సింగ్ మనసులో మాటలు వెతుక్కున్నాడు. అది పెద్దరికం కాదు సార్, పెద్దరికం వదిలించుకోవడానికి కట్టిన పాగా అని చెబితే సరిపోతుంది. కానీ దేన్నుంచి బయటపడ్డావని అడుగుతారు. అందులో ఇంకెవరున్నారని అడుగుతారు. ఎహసాన్ పేరు, ఖాదర్ పేరు నాలిక చివరి దాకా వచ్చాయి. వాటిని మింగేసి తల వంచుకున్నాడు.

"వీసా క్యాన్సిల్. ఈ వారమే ఇంటికి పో."

ఇన్నాళ్లూ దేనికి భయపడి చచ్చాడో అది జరిగిపోయింది. భయం మాత్రం పోలేదు. దాన్ని వెంటేసుకునే బయటికొచ్చాడు. ఎహసాన్ కారు తుడుస్తున్నాడు.

"భాయ్, నన్ను లేబర్ ఆఫీసుకు తోలు."

"నీ కుర్సీ ఖాళీ అయింది గద."

"కుర్సీ నాకద్దు. తాడు ముచ్చట జెప్పాలె."

ఆఫీసరు ముందు మొదట అంతా కలగాపులగంగా చెప్పాడు. మంచినీళ్లు తాగించి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాడు. తాడు పీచులు లేచిన సంగతి, కమ్రాన్‌కు చూపించిన సంగతి, పెద్దులు పడేటప్పుడు వేసిన కేక, అన్నీ చెప్పాడు. నర్సింగ్ ప్రయాణం మాత్రం ఆగలేదు. కానీ తుంటి అతికి లేచి నడిచేదాకా పెద్దులును కంపెనీయే సలాలాలో ఉంచి వైద్యం చేయించాలని తేలింది.

ప్రయాణం రోజు నర్సింగ్ ఆసుపత్రికి పోయి మంచం పక్కన నిలబడ్డాడు.

"సెప్పినవటగద," అన్నాడు పెద్దులు. "నీకు భయం గాలేదారా?"

"ఇప్పుడు గూడ అయితాంది," అని నర్సింగ్ చెయ్యి చూపించాడు. అది ఇంకా వణుకుతూనే ఉంది. పెద్దులు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, బయట ఎహసాన్ హారన్ కొట్టేదాకా వదల్లేదు.