రాహేలు టీచర్‌తో చూసిన సీజన్

మిషన్ కాంపౌండ్‌లోని సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు మీద మొదటి వాన పడితే ఒక వేడి వాసన లేస్తుంది. ఈ ఉదయం కుట్టుమిషను ముందు కూర్చున్న నాకు ఆ వాసన కిటికీలోంచి వచ్చింది. వెనకాలే ఎవరో ఆడపిల్ల బంతి కొడుతున్న చప్పుడు. చేతిలోని జాకెట్టు పక్కన పెట్టి ఇది మొదలుపెట్టాను. చర్చి వార్షికోత్సవ సంచికలో రాహేలు టీచర్ గురించి రెండు వాక్యాలు వేశారు. వ్యాయామ ఉపాధ్యాయురాలుగా పనిచేశారని ఒకటి, ఎందరో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పారని ఇంకొకటి. రెండూ నిజమే. కానీ ఆమెను ఎరగనివాళ్లు అవి చదివి, మెడలో ఈల వేసుకున్న ఒక కోపిష్టి టీచరమ్మను ఊహించుకుంటారు. ఆమె పక్కన కూర్చుని యూరప్ క్లబ్బుల పెద్ద బాస్కెట్‌బాల్ పోటీని ఒక సీజన్ పొడుగునా చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను రాయకపోతే ఆ సంగతి ఎక్కడా ఉండదు.

నేను బంతి ఆడినదాన్ని కాదు. పదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మంచిర్యాల గ్రంథాలయంలోనే, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. టీచర్ ఇంటి ముందు గదిలో నా టైలరింగ్ షాపు. ఆమె పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి కొడుకు ప్రసాద్ గల్ఫ్‌లో ఒక స్టేడియంలో పనిచేస్తాడు. యూరప్ జట్లు అక్కడికి వచ్చినప్పుడు చూసి, పెద్దమ్మకు టీవీ కొనిచ్చి, ఆ ఆటలు వచ్చేలా చందా కట్టాడు. అక్టోబరులో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె షాపులోకి తొంగి చూసింది.

"ఒక్కదాన్నే చూస్తే ఏం మజా ఉంటదే సరోజా. జర వచ్చి కూసో."

ఆటలు వారం మధ్యలో జరిగేవి. మేం ఆదివారం మధ్యాహ్నం చూసేవాళ్లం. అప్పటిదాకా స్కోరు తెలుసుకోవద్దన్నది ఆమె షరతు. ఏ సంగతైనా వెంటనే వెతికి తెలుసుకునే అలవాటు నాది. రెండో ఆదివారం నేను కూర్చోగానే ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఎవరు గెలిచిండ్రో చూసుకొని వచ్చినవు గదా?"

"ఊకెనే చూసిన టీచర్."

"ఇగ నువ్వు ఆట చూడవు, ఎట్లయిందో సరిచూస్తవు. రెండూ ఒకటి కాదు పిల్లా." టీవీ ఆపేసి చాయ్ పెట్టింది. ఆ వారం ఆట లేదు.

మధ్యలో ఆట ఆపే టైమవుట్లలో ఆమె అసలు రంగు బయటపడేది. ఆ పోటీలో శిక్షకులు ఆటగాళ్లను చుట్టూ చేర్చుకుని అరుస్తుంటే కెమెరా దగ్గరికే వెళ్తుంది. ఏ భాషో మా ఇద్దరికీ తెలియదు. టీచర్ మాత్రం వాళ్ల పెదవుల కదలికకు సరిగ్గా మన మాటలు అందించేది. "ఏం రా పొడుగోడా, పొద్దున ఏమన్న తిన్నవా లేదా? కాళ్లు లేస్తలేవు. నువ్వేందిరా నవ్వుతున్నవు, మీ అవ్వకు చెప్పాల్నా?" నేను నవ్వి నవ్వి కుర్చీలోంచి జారేదాన్ని.

ఆమెకు కౌనస్ అనే ఊరి జట్టంటే ఇష్టం. గ్రంథాలయంలో అట్లాసు తీసి చూశాను. ఆ ఊరున్న దేశం లిథువేనియా, పాత ఆదిలాబాద్ జిల్లాలు నాలుగు కలిపినంత ఉంటుంది. కౌనస్ రెండు నదులు కలిసే చోట ఉంది. చెప్తే టీచర్ పిల్లలా సంబరపడింది. "మన కాళేశ్వరం లెక్కనా? చూసినవా, అందుకే వాళ్లు మనోళ్ల లెక్క కొడుతున్నరు." ఆ జట్టు చివరి నాలుగింటిలోకి రాలేదు. ఆ రోజు ఆమె, "మంచిదే. ఇగ ఫికర్ లేకుండ ఆట చూడొచ్చు," అంది.

చలికాలంలోనే ఆమె కిడ్నీలు చెడ్డాయి. కరీంనగర్‌లో డయాలసిస్ మొదలైంది. సూది గురించి, నీళ్లు కొలిచి తాగడం గురించి ఆమె ఒక్క మాట అనలేదు. డాక్టరును అడిగింది ఒక్కటే: "మే నెల ఆఖరుదాక నడిపించుండ్రి సార్. ఒక పని సగంల ఉన్నది." ఫైనల్ అప్పుడే. ఆ పని ఏమిటో ఆయనకు చెప్పలేదు. బస్సులో నా భుజం మీద తల వాల్చి, "చెప్తే నవ్వుతడు," అంది.

ఫైనల్ జరిగిన వారం ఆమెను ఆసుపత్రిలో ఉంచేశారు. ఆదివారం నేను ఫోను తీసుకుని వెళ్లాను. దిండుకు ఆనించి ఇద్దరం ఆ చిన్న తెరలోనే చూశాం. మొదటి టైమవుట్ వచ్చింది. టీచర్ నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు. నా మోచేతిని తట్టింది. నాకు చేతకాదు, అయినా మొదలుపెట్టాను.

"అరే, గంత పరేషాన్ ఎందుకురా? బంతి నీ ఒక్కనిదా? పక్కోడు చేతులు సాపి నిలబడ్డడు, కనబడ్తలేదా?"

పక్క మంచం ముసలమ్మ, "గాయనకు తెలుగు వస్తదా బిడ్డా?" అని అడిగింది. టీచర్ శబ్దం లేకుండా నవ్వింది, కళ్ల నీళ్లు వచ్చేదాకా.

నాలుగు క్వార్టర్లలో మూడోది అయ్యేసరికి ఇరు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆమె అలసిపోయి తెర మీద చెయ్యి పెట్టింది. "ఆపు. నాలుగోది రేపు చూద్దాం. ఇప్పుడే అయిపోతే ఏముంటది?"

సోమవారం ఆసుపత్రికి వెళ్తూ నేను పెద్దపల్లి దాటేసరికి, టీచర్ పోయిందని ఫోన్ వచ్చింది.

ఆ చివరి పది నిమిషాలు నేను ఇంకా చూడలేదు. కొత్త సీజన్ వచ్చి వెళ్లింది, అదీ చూడలేదు. దుఃఖం వల్ల కాదు. అవి మిగిలి ఉన్నంతకాలం ఆదివారం మధ్యాహ్నం ఆమె టీవీ ముందు నాకోసం కుర్చీ వేసి ఉన్నట్టే అనిపిస్తుంది. ఆమె ఇచ్చిన ఆ తొందర లేనితనం పుస్తకాల్లో నాకు దొరకలేదు.

దీన్ని కాపాడుకోవడంలో తోడైనవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. ఫైనల్ వారం ఇంగ్లిష్ పేపరు ఆటల పేజీ నాకు కనబడకుండా మడిచి పెట్టిన గ్రంథాలయం రాజేశ్వర్ గారికి, నేను రోజంతా కరీంనగర్‌లో ఉంటే షాపు చూసుకున్న లావణ్యకు, బస్టాండులో ఏమీ అడగకుండా చాయ్ చేతిలో పెట్టే యాకూబ్ భాయికి. అందరికంటే ఎక్కువ ప్రసాద్‌కు. అతనికి ఫలితం తెలుసు. మొన్న గల్ఫ్ నుంచి ఫోన్ చేసి, "ఇప్పుడన్న చెప్పాల్నా అక్కా?" అన్నాడు.

"జర ఆగు తమ్మీ," అన్నాను.