గార్డు శంకరరావు తలల లెక్క

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గూడ్సు గార్డు శంకరరావుగారితో కలిసి నడవడం చిన్నపాటి శిక్ష. పెళ్లికెళ్లినా, బజారుకెళ్లినా ఆయన అందరికీ వెనకే. నాలుగడుగులకోసారి ఆగి తలలు లెక్కపెట్టేవారు. బండికి నలభై వ్యాగన్లుంటే గార్డులు ‘నలభై ప్లస్ ఒకటి’ అంటారు. ఆ ఒకటి, చివర తాము కూర్చునే బ్రేక్ వ్యాను. మనుషుల్నీ అలాగే లెక్కపెడతారని నవ్వుకునేవాళ్లం.

1987లో వానలు తెరిపిచ్చాక పన్నెండుమందిమి పెండ్రా రోడ్డులో రైలు దిగి, బస్సులో అమర్‌కంటక్ చేరాం. కపిల్‌ధార జలపాతం చూసి, అడవిబాటన దాని కిందున్న దూధ్‌ధారకి దిగాం. లెక్క పదకొండు ప్లస్ ఒకటి; ఆ ఒకటి, చివర నడిచే ఆయనే. ఆయన బావమరిది సూర్యం, ఇరవై రెండేళ్లవాడు, ప్రతి కొండ అంచుకీ వెళ్లి తొంగిచూసేవాడు.

తిరిగి ఎక్కుతుంటే పొగమంచు కమ్మింది. మా ఆవిడ ప్రసూన కాలు బెణికింది. శంకరరావుగారే ఆమెకి చెయ్యందించి ముందు నడిచారు. నేను వద్దనలేదు. ఆ ఒక్కసారే ఆయన తోక వదిలారు.

లోయ కనబడే మలుపు దాటాక వెనక్కి తిరిగి లెక్కపెట్టారు. ముందున్నారు కదా, తనతోనే మొదలుపెట్టారు. పదకొండు వచ్చింది. నోటి అలవాటుగా ‘ప్లస్ ఒకటి’ అనేసుకున్నారు.

“అంతా ఉన్నారు, నడండి. బస్సెల్లిపోద్ది,” అన్నారు.

బస్సు దగ్గర సూర్యం లేడు. వెనక్కి పరిగెత్తేసరికి చీకటిపడింది. పొద్దున్న ఆ మలుపు కింద బండల్లో దొరికాడు, ప్రాణం లేదు. కట్టెలు కొట్టే గోండు ముసలాయన నాకూ శంకరరావుగారికీ హిందీలో చెప్పాడు: పొద్దువాలేదాకా కింద నుంచి ఎవరో ఒకే మాట అరుస్తున్నారట, తమ భాష కాదు, దయ్యమనుకుని పోలేదట. ఏం మాటని అడిగాను. ‘బావా’ అన్నాడు.

శంకరరావుగారి భార్య అసిరమ్మగారికి మాత్రం, పడగానే పోయాడని చెప్పాం.

పెండ్రా రోడ్డు దారిలో బండి భన్వర్‌టంక్ సొరంగం దాటేటప్పుడల్లా ఆ పిలుపు వినబడుతోందని ఆయన నాతో అన్నారు. ఆ లైను డ్యూటీ మార్పించుకోమన్నాను.

“ఎవులో ఒకలు యినాల గదా రమణబాబూ,” అన్నారు.

తొమ్మిదేళ్లయింది. పోయినవారం వాళ్ల క్వార్టరుకి వెళితే, టీ గ్లాసు అందిస్తూ అసిరమ్మగారు అడిగారు.

“నువ్వూ ఉన్నావు గదా బాబూ. మా తమ్ముడు మమ్మల్నెవుల్నీ పిలవనేదా?”

శంకరరావుగారు గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తున్నారు. పిలవలేదన్నాను.